అన్నా, లైటు!

2017లో హైదరాబాద్‌లో కొత్త మోటార్‌సైకిల్ కొన్నాను. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకి ఇంజను స్టార్ట్ చేస్తే చాలు, హెడ్‌లైటు దానంతటదే వెలగాలని రూలు వచ్చింది. హ్యాండిల్ మీద లైటు ఆర్పే స్విచ్చి తీసేశారు. ఆ సంగతి రోడ్డు మీద జనానికి ఇంకా తెలీదు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్ళేలోపు కనీసం ఐదారుగురు నాకు చెయ్యి చూపించేవాళ్ళు. మీకు తెలిసిన సైగే. వేళ్ళన్నీ మొగ్గలా దగ్గరికి చేర్చి, తెరిచి, మళ్ళీ మూసి, తెరిచి. ఆటోవాళ్ళు, స్కూలు బస్సు కిటికీలోంచి పిల్లలు, పక్కన స్కూటీ మీద వెళ్తున్న ఆంటీలు. చెయ్యి ఖాళీ లేనివాళ్ళు నోటితోనే చెప్పేవాళ్ళు: “అన్నా, లైటు!”

మొదట్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వివరించేవాణ్ణి. తర్వాత తలూపి ఊరుకున్నాను. మూడు నెలలకి విసుగొచ్చింది. మరుసటి ఏడాది కెనడా వచ్చేశాను. ఇన్నేళ్ళలో ఇక్కడి రోడ్డు మీద నా బండి గురించి నాకెవరూ ఏమీ చెప్పలేదు.

నిరుడు ఫిబ్రవరిలో, నా కారుకి తమంతట తాము వెలిగే లైట్లున్నాయే, వాటిని పనిచెయ్యకుండా చేశాను. పగటిపూట ముందువైపు వెలిగే లైట్లు, చీకటి పడగానే వెలిగే హెడ్‌లైట్లు, రెండూ. నవంబరులో మళ్ళీ వెలిగించుకున్నాను. మధ్యలో జరిగింది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాడు నాన్న ఒక్కడే.

మేముండేది టొరంటో పక్కన మిస్సిసాగాలో, సింగిల్ బెడ్‌రూం అపార్ట్‌మెంట్‌లో. నాన్న మార్కాపురంలో. అమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి ఇంజను పక్కనే కూచున్న చెవులు కదా, ఫోన్లో అరిస్తే తప్ప వినపడదు. ఇక్కడ చలికాలం రాత్రి పదిన్నర అంటే అక్కడ పొద్దున తొమ్మిది. నాన్న టిఫిన్ చేసి, ఫోను ముందు పెట్టుకుని కూచునే టైము. సరిగ్గా అప్పుడే మా బాబు నిద్రపోతాడు. అందుకని కిందకి దిగి, కార్లో కూచుని, అద్దాలెక్కించి అరుస్తాను. మైనస్ పదిహేనులో హీటర్ లేకుండా అరవలేం. హీటర్ కోసం ఇంజను ఆన్ చెయ్యాలి. ఇంజను ఆన్ చేస్తే లైట్లు వెలుగుతాయి. ఆ లైట్లకి ఎదురుగా గ్రౌండ్‌ఫ్లోర్ వాళ్ళ పడగ్గది కిటికీ.

ఒకరోజు పొద్దున వైపర్ కింద చీటీ. “మా పాపకి నాలుగు నెలలు. దయచేసి మీ లైట్లు.” అంతే. వాక్యం పూర్తి కాలేదు. నిద్ర లేని మనిషి రాసినట్టుంది.

ఆర్పేద్దామని చూస్తే స్విచ్చికి ‘ఆఫ్’ అనేదే లేదు. మాన్యువల్ తీశాను. కెనడాలో 1990 జనవరి 1 తర్వాత తయారైన ప్రతి కొత్త బండికీ పగటి లైట్లు ఉండి తీరాలి. ఇది మొదలైంది ఇక్కడ కాదు. సూర్యుడు పొద్దస్తమానం దిగంతం దగ్గరే పాకుతుండే ఉత్తరాది దేశాల్లో. ఫిన్లాండ్ 1972లో చలికాలానికి, ఊళ్ళ బయటి రోడ్లకి పెట్టింది. స్వీడన్ 1977లో ఏడాది పొడుగునా, అన్ని రోడ్లకీ పెట్టేసింది. యూరోపియన్ యూనియన్ 2011 నుంచి కొత్త మోడళ్ళకి తప్పనిసరి చేసింది. పక్కనే ఉన్న అమెరికా మాత్రం ఒప్పుకోలేదు. ఒక పెద్ద కార్ల కంపెనీ తప్పనిసరి చెయ్యమని 2001లో అర్జీ పెట్టుకుంటే, అక్కడి ప్రభుత్వం 2009లో కాదంది. మోటార్‌సైకిళ్ళ వాళ్ళకి వేరే అభ్యంతరం ఉంది: పగలు లైటుతో వెళ్తే మేమొక్కళ్ళమే కనపడేవాళ్ళం, ఇప్పుడు కార్లన్నీ వెలుగుతుంటే అందులో కలిసిపోతాం అని.

ఇదంతా ఎందుకు చదివానంటే, నిజం తెలుసుకుందామని కాదు. ఆర్పెయ్యడానికి కారణాలు కూడబెట్టుకుందామని. అమెరికా కాదన్నది గుర్తుపెట్టుకున్నాను, స్వీడన్ సంగతి పక్కన పెట్టాను. పుస్తకాల మీద వ్యాసాలు రాసే అలవాటున్నవాణ్ణి, నాకు కావలసిన పేరాలు మాత్రమే ఏరుకోవడం వచ్చు.

ఇక ప్రయత్నాలు. హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచితే చాలా బండ్లలో పగటి లైటు ఆరిపోతుంది. నాదీ ఆరింది. కానీ రాత్రి వెలిగేది పగటి లైటు కాదు, అసలు హెడ్‌లైటు. బయట ఎంత వెలుతురుందో చూసే సెన్సర్ ఒకటి డ్యాష్‌బోర్డు మీద, అద్దం దగ్గర ఉంటుంది. నల్లటి గుండ్రటి బిళ్ళ, చొక్కా గుండీ అంత. దాని మీద నల్లటి టేపు అంటించాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం హెడ్‌లైట్లు భగ్గున వెలిగాయి. కళ్ళు మూస్తే దానికి చీకటే కనపడుతుందన్న ఆలోచన ఇంజినీరింగ్ చదివిన నాకు టేపు అంటించే ముందు రాలేదు. చెయ్యాల్సింది మూయడం కాదు, రాత్రిపూట దాని మీద లైటు వెయ్యడం, పగలని నమ్మించడం. చిన్న టార్చి పెట్టి చూశాను. హెడ్‌లైటు ఆరింది. కానీ అది ఫోను మాట్లాడుతుంటే జారిపోతుంది. జారగానే కిటికీ మీద మళ్ళీ వెలుగు.

చివరికి అందరు సాఫ్ట్‌వేర్ వాళ్ళూ చేసే పనే చేశాను. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది, మెకానిక్‌లు కంప్యూటర్ తగిలించేది. దానికి బ్లూటూత్ డాంగిల్ గుచ్చి, ఫోన్లో యాప్ తెరిచి, లైట్లని నడిపించే మాడ్యూల్‌లోకి వెళ్ళాను. ఆటో హెడ్‌లైట్: 1. దాన్ని 0 చేశాను. హెడ్‌లైటు ఆరింది గానీ, ఆరిన చోటే పగటి లైటు మసగ్గా వెలిగింది. అది వేరే కొత్త బల్బు కాదు. అదే హెడ్‌లైటుని సెకనుకి ఎన్నోసార్లు ఆర్పి వెలిగిస్తూ, తక్కువ వెలుగులో నడుపుతారు. దానికీ ఇంకో 1 ఉంది. దాన్నీ 0 చేశాను. పార్కింగ్ లాట్‌లో ఒక్కసారిగా చీకటి. కిటికీ నల్లగా అయిపోయింది. ఇంజను మాత్రం గుర్రుమంటోంది. నాన్నకి ఫోన్ చేసి, ఎందుకో, కాస్త నెమ్మదిగా మాట్లాడాను. “వినపళ్ళా” అన్నాడు.

ఆ చీకటి నచ్చింది. ఆ రోజుల్లోనే తనిజాకి రాసిన ‘ఇన్ ప్రెయిజ్ ఆఫ్ షాడోస్’ మళ్ళీ చదువుతున్నాను. 1933 నాటి వ్యాసం. జపాను పద్ధతిలో ఇల్లు కట్టుకునేవాడు కరెంటు తీగల్నీ గ్యాసు గొట్టాల్నీ ఎక్కడ దాచాలా అని పడే అవస్థతో మొదలవుతుంది. నా రెండు సున్నాలకి అందులో సమర్థన దొరికింది. బండి నాది, చీకటి నాది, ఎప్పుడు వెలగాలో చెప్పేది నేను. దీని మీద ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను. మూడు పేరాలు రాశాను. బాగానే వచ్చాయి.

ఆ వ్యాసంలో నాన్న కూడా ఉన్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న సీటు వెనకాల కూచుని శ్రీశైలం వెళ్ళేవాణ్ణి. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు. చీకట్లో మలుపు అవతల బండి వస్తోందంటే ముందు బండి కనపడదు. కొండ మీద వెలుగు కదులుతుంది. ఆ వెలుగు ఎంత ఎత్తులో ఉందో చూసి, వచ్చేది లారీనో జీపో నాన్న చెప్పేసేవాడు. వెంటనే తను డిప్పర్ కొట్టేవాడు. అటునుంచి జవాబు వచ్చేది. ఒకసారి కొడితే ఒకటి, రెండుసార్లు కొడితే ఇంకొకటి. మాట్లాడుకుంటున్నారని అనిపించేది. డ్రైవరు చేతిలో లైటు అంటే మాట, ఆటోమేటిక్ లైటు ఆ మాటని లాగేసుకుంది అని నా మూడో పేరా.

ఇక్కడో విషయం ఒప్పుకోవాలి. ఆఫీసులో నా పని సరిగ్గా దీనికి ఎదురు. వాడేవాళ్ళు తక్కువగా ఉన్నారని సెట్టింగులు తీసేస్తుంటాం. ఏది ముందే ఆన్‌లో ఉండాలో మేమే నిర్ణయిస్తాం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే, యూజర్ మంచికే అని రాస్తాం. ఆ వాక్యం నేనే చాలాసార్లు రాశాను.

సెప్టెంబరులో నాన్న వచ్చాడు. ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తుంటే, ఎదురుగా వచ్చే బండ్లని కాసేపు చూసి అడిగాడు. “ఏందిరా, పట్టపగలు అందరూ లైట్లేసుకుని పోతన్నారు? అందరూ మర్చిపోయినారా?” రూలు సంగతి చెప్పాను. “మరి నీకు లేవే?” నేను తీసేశానని కొంచెం గర్వంగానే చెప్పాను. డాంగిలూ, బిట్లూ వివరించాను. నాన్న విన్నాడు. “బ్యాటరీ మంచిదేనా?” అన్నాడు. ఆ ప్రశ్నకి అర్థమేంటో నాకప్పుడు తెలీలేదు. నేను చెప్పిందంతా బ్యాటరీ ఆదా చేసుకోవడానికని అనుకున్నాడు. అంతకు మించి కారణం ఉంటుందని ఆయనకి తట్టలేదు.

పక్క సీట్లో కూచుని ఇక్కడి డ్రైవింగ్ చూడ్డం ఆయనకి పెద్ద కాలక్షేపం. ఒకరోజు నేను ఎడమకి తిరగాలని ఆగి ఉంటే, ఎదురు కారతను లైటు కొట్టాడు. నేను తిప్పేశాను. నాన్న రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద వేసేశాడు. “వాడు లైటు కొట్టినాడు గదరా!”

“ఇక్కడ కొడితే, నువ్వెళ్ళు అని నాన్నా.”

“మనకాడ, నేనొస్తన్నా నువ్వాగు అని.”

ఆ సాయంత్రమంతా తనలో తను నవ్వుకున్నాడు. బాబుకి కూడా చెప్పాడు, వాడికేం అర్థం కాకపోయినా.

నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పాక, ఇక్కడ సాయంత్రం అనేది ఉండదు. ఐదింటికి ముందే పొద్దు పోతుంది. అంటారియోలో చట్టం ప్రకారం సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచే లైట్లు వేసుకోవాలి. నాకు తెలుసు. అప్పటికి తొమ్మిది నెలలుగా చేత్తోనే వేసుకుంటున్నాను కూడా. ఆ రోజు వెయ్యలేదు. మర్చిపోవడానికి పెద్ద కారణమేం లేదు. ఆఫీసులో బయల్దేరినప్పుడు ఇంకా వెలుతురుంది. దారిలో వీధిలైట్లు వెలిగాయి. నా కారులో స్పీడు చూపించే డ్యాష్‌బోర్డు పగలూ రాత్రీ ఒకేలా వెలుగుతూనే ఉంటుంది, బయట లైట్లు వెలిగినా వెలగకపోయినా. నాకు రోడ్డంతా కనపడుతోంది. ఏదో తక్కువైందని అనిపించడానికి కారులో ఏమీ లేదు.

మా అపార్ట్‌మెంట్ ముందు సందులోకి తిరిగాను. రోజూలాగే నాన్న ఇండియన్ స్టోర్ నుంచి నడిచి వస్తున్నాడు. చేతిలో సంచి. రోడ్డు దాటడానికి అంచున ఆగాడు. మనవాళ్ళు ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు అలవాటుకొద్దీ ముందు కుడివైపు చూస్తారు. నాన్న అలా చూడలేదు, నేర్చుకున్నాడు. ఎడమవైపు చూశాడు. అంటే నా వైపే. మా ఇద్దరికీ మధ్య అడ్డమేం లేదు. నా కారుని చూశాడు. చూసి, రోడ్డు మీదకి దిగాడు.

బ్రేకు తొక్కాను. రెండు బారల దూరంలో ఆగింది. సంచి కింద పడి, కొత్తిమీర కట్ట ముందు చక్రం దాకా దొర్లింది. నాన్న వంగి అన్నీ ఏరుకున్నాడు. ఆయన వంగినప్పుడు బానెట్ అవతల కనపడలేదు. ఆ కాసేపే నాకు చేతులు వణికింది. తర్వాత వచ్చి పక్క సీట్లో కూచున్నాడు.

“చూసే దిగావు గదా నాన్నా?”

“చూశా. ఆగున్న బండనుకున్నా. లైటు లేదుగా.”

నేనేం మాట్లాడలేదు.

“నువ్వు నన్ను చూశావా?” అన్నాడు.

“చూశాను.”

“నేను బండిని చూశా గానీ, వస్తందని చూళ్ళా.” కాసేపాగి, “ఇప్పుడన్నా లైటెయ్యి” అన్నాడు.

లైటు వేసి, యాభై గజాలు నడిపి పార్క్ చేశాను. పైకెళ్ళాక కొత్తిమీర వలిచి ఇచ్చాడు. నా భార్యకి ఏమీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయం సంగతి సరే, నన్ను ఎక్కువ కుదిపింది ఇంకొకటి. ఆ లైటు గురించి అంత చదివాను, సెన్సర్ నుంచి మాడ్యూల్ దాకా దాన్ని విప్పి చూశాను. అన్నిసార్లూ నా సీట్లోంచే చూశాను. ఇది నాకేం పనికొస్తుంది, నాకేం అడ్డం అని. మధ్యాహ్నం రెండింటికి ఆ లైటు వెలుగులో నాకేమీ కొత్తగా కనపడదు. కనపడాల్సింది నాకు కాదు. దాని యూజర్ నేను కానే కాదు. అతను రోడ్డు అంచున సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆగి ఉన్న బండేదో వస్తున్న బండేదో ఒక్క చూపులో తేల్చుకోవాలి. అతని చేతిలో డాంగిల్ లేదు, సెట్టింగులు లేవు. నేను 0 చేసింది అతనిది.

ఘాట్ రోడ్డు కూడా గుర్తొచ్చింది. మూడో పేరాలో నేను రాసుకున్నది తప్పు కాదు, సగం. డిప్పర్ మాటే. కానీ అంతకుముందు కొండ మీద పడే ఆ వెలుగు? అది ఎవరూ ఎవరితోనూ అన్నది కాదు. బండి వస్తుంటే దానంతటదే పడేది. నాన్న ముందు దాన్ని చూసేవాడు, ఆ తర్వాతే మాట్లాడేవాడు. ఆ వ్యాసం అక్కడితో ఆపేశాను.

ఆ శనివారం డాంగిల్ మళ్ళీ తీశాను. నాన్న కూడా కిందకి వచ్చి పక్కన కూచున్నాడు. రెండు సున్నాల్నీ ఒకట్లు చేశాను. లైట్లు వెలిగాయి, కిటికీ వెలిగింది. ఇప్పుడు నువ్వు ఊరెళ్ళాక ఫోను ఎక్కణ్ణుంచి చెయ్యను అని అడిగాను. చీటీ సంగతి, పాప సంగతి అప్పుడే మొదటిసారి చెప్పాను. నాన్న కారు దిగి, పార్కింగ్ లాట్ అంతా ఒకసారి చూసి వచ్చాడు, డిపోలో బండి పెట్టడానికి చోటు చూసుకున్నట్టు.

“ఆ చివర గోడ కాడ రాత్రిళ్ళు ఖాళీగానే ఉంటది గదరా. ఆడ గోడ మొహానికి పెట్టుకుని మాట్లాడు. అయినాక తెచ్చి ఈడ పెట్టుకో.”

ఇరవై అడుగుల దూరం కూడా లేదు ఆ గోడ. నేను టేపు అంటించి, టార్చి కట్టి, సాకెట్‌లో దూరి, తొమ్మిది నెలలు తిరిగాను. నాన్న ముఖంలో ఎగతాళేం లేదు. ఇంతసేపు దీనికోసమా అన్న ఆశ్చర్యం మాత్రం ఉంది.

మెషీన్ అన్నీ చూసుకుంటుందని నేననను. నాలాంటి బండ్లలో పగటి లైటు ముందువైపు ఒక్కటే. వెనక ఏమీ వెలగదు. మబ్బు పట్టిన మధ్యాహ్నం వానలో, ముందు వెలుగు కనపడుతోంది, డ్యాష్‌బోర్డు వెలుగుతోంది, ఇంకేం అని జనం వెళ్ళిపోతుంటారు. వెనక నుంచి చూస్తే బండి లేనట్టే. అందుకే కెనడాలో 2021 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకి ఇంకో రూలు పెట్టారు. పగటి లైటుతోపాటు వెనక లైట్లు కూడా వెలగాలి, లేదా చీకట్లో అన్నీ వాటంతటవే వెలగాలి, లేదా డ్యాష్‌బోర్డు చీకటిగా ఉండి డ్రైవరుకి గుర్తు చెయ్యాలి. నా బండి అంతకుముందుది. వానపడితే చేత్తో వేసుకుంటాను.

మార్చిలో నాన్న వెళ్ళిపోయాడు. ఏప్రిల్లో ఒక సాయంత్రం 403 హైవే మీద జోరున వాన. నా ముందు ఒక ముదురు నీలం కారు, వెనక ఒక్క లైటు కూడా లేదు. నీళ్ళ తెరలో ఉందో లేదో తెలీకుండా పోతోంది. పక్క లేన్‌లోకి వెళ్ళి, అతనితో సమానంగా వచ్చి, చెయ్యెత్తి వేళ్ళు మూసి తెరిచాను. మూసి తెరిచాను. అతను నా వైపు చూశాడు. ఏమనుకున్నాడో, నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. చీకటిగానే ముందుకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి గోడ దగ్గర కారు పెట్టుకుని నాన్నకి చెప్పాను. రెండుసార్లు అరిచి చెప్పాల్సొచ్చింది. నవ్వుతాడనుకున్నాను.

“వాడికేం తెలుసురా మన సైగలు. నువ్వు పక్కకి పోకుండా వాడి ఎనకమాలే పోవాల్సింది. వాడికి లేకపోతే ఏం, నీకున్నయి గదా ఎనక లైట్లు. వచ్చేవాడికి నువ్వన్నా కనపడతావు. ఘాట్‌లో బల్బు పోయిన బండికి మేం అట్టాగే దోర్నాల దాకా తోడుపోయేవోళ్ళం.”

“నా ఎగ్జిట్ వచ్చేసింది నాన్నా” అన్నాను.

“ఏందీ?”

“నా ఎగ్జిట్ వచ్చేసింది!”

“సరేలే” అన్నాడు.